నాయన జ్ఞాపకశక్తి కోసం లక్షా ఇరవై వేలు కడదామంటున్నాడు తమ్ముడు

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. వయసు 44, ప్రైవేటు స్కూల్లో టీచరు. తండ్రికి 71 ఏళ్ళు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. తిరుపతి, చిత్తూరు, వేలూరు రూట్లలో ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి కాబట్టి తమిళం తెలుగంత ధారాళంగా వస్తుంది. కోలారు బస్సుల్లో చేసినప్పుడు కన్నడం కూడా అబ్బింది. "చిల్లర లేక టికెట్టు వెనక రాసిచ్చిన బాకీ ఎవరికెంతో, వాళ్ళు దిగేటప్పుడు టికెట్టు చూడకుండానే చెప్పేవాడని డిపోలో పేరు. అలాంటి మా నాయన పొద్దున ఇడ్లీ తిని, గంట తిరక్కుండానే 'పాపా, టిఫిన్ పెట్టలేదే' అంటున్నాడు" అని రాశారు.

వినాయక చవితి రోజుల్లో మొదలైన మతిమరపు సంక్రాంతి తర్వాత ఎక్కువైందట. అడిగిందే అడుగుతున్నారు. బియ్యం అంగట్లో డబ్బు ఇచ్చి ఇంటికొచ్చి, ఇవ్వలేదనుకొని మళ్ళీ వెళ్ళి ఇవ్వబోయారు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మోపెడ్ మీద గోవిందరాజస్వామి గుడికి వెళ్ళి, తిరిగి వచ్చే దారి తోచక లీలామహల్ సర్కిల్ దగ్గర నిలబడిపోయారు. తెలిసిన ఆటో అబ్బాయి చూసి ఇంట్లో దింపాడు. ఆ రాత్రే ఈమె మోపెడ్ తాళం దాచేశారు. అంగడికి పంపడం మానేశారు. శనివారం భజనకు వద్దన్నారు. ఏటీఎం కార్డు తన బీరువాలో పెట్టుకున్నారు. అప్పటినుంచి ఆయన మాట తగ్గించి, టీవీ సౌండు పెద్దగా పెట్టుకొని కూర్చుంటున్నారు.

భర్త "డెబ్బై దాటినాక అందరికీ మామూలే" అంటున్నారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముడు "ఇది అల్జీమర్సే అక్కా" అని, మెదడుకు పదును పెట్టే ఆటల యాప్‌కు ఏడాది చందా కట్టి, జింకో అనే చెట్టు ఆకుల సారంతో చేసిన మాత్రలు కూడా పంపాడు. ఇప్పుడు తలకు అయస్కాంత తరంగాలు పెట్టే ఒక ప్రైవేటు సెంటరు ప్యాకేజీకి 1,20,000 రూపాయలు సగం సగం వేసుకుందామంటున్నాడు. కుదరదంటే నాయనను తన దగ్గరకు తీసుకెళ్తానంటున్నాడు. యాప్ ముందు కూర్చోబెట్టిన ప్రతిసారీ స్కోరు తగ్గితే నాయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఈ మధ్య తనూ బండి తాళం ఎక్కడ పెట్టిందీ మరచిపోతున్నానని, జన్యు పరీక్ష చేయించుకోవాలా అని చివర్లో అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన మాటలు నన్ను ఆపేశాయి. పన్నెండేళ్ళుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారని ఒకచోట రాశారు. మాత్రల డబ్బాలో వారానికి రెండు రోజుల బీపీ మాత్రలు అలాగే మిగిలిపోతున్నాయని ఇంకోచోట. రెండేళ్ళ కిందట అమ్మ పోయినప్పటినుంచి నిద్ర పట్టక మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్ర తెచ్చుకుంటున్నారని, దురద వస్తే ఏదో పచ్చ మాత్ర వేసుకుంటారని. సంక్రాంతి ముందు బాత్రూంలో జారితే తల గోడకు తగిలి "బొప్పి కట్టింది అంతే" అని. టీవీ సౌండు సంగతి పైన చెప్పిందే. మీ భర్త ఇది వయసు అని తేల్చేశారు, మీ తమ్ముడు అల్జీమర్స్ అని తేల్చేశాడు. వీటిలో ఒక్కటి కూడా ఇంతవరకు ఏ డాక్టరూ చూడలేదు.

మొట్టమొదట ఆ బొప్పి సంగతి. పెద్ద వయసులో తలకు తగిలింది చిన్న దెబ్బే అయినా, మెదడు పైపొర కింద రక్తం కొద్దికొద్దిగా చేరుతూ వారాల తర్వాత అయోమయం, మతిమరపు, నడకలో తూలు కనిపించడం డాక్టర్లకు బాగా తెలిసిన విషయం. సీటీ స్కాన్‌లో తెలిసిపోతుంది. ఉంటే తీసేసే ఉపాయం ఉంది. సంక్రాంతి తర్వాతే ఎక్కువైందని మీరే రాశారు కాబట్టి దీన్ని వచ్చే నెలకు వాయిదా వేయకండి, ఈ వారంలోనే వెళ్ళండి. ఈలోగా తలనొప్పి, వాంతులు, మత్తుగా పడుకుని ఉండిపోవడం, ఒక పక్క కాలు చెయ్యి పట్టు తప్పడం కనిపిస్తే ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి. జింకో మాత్రలు రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గించే అవకాశం ఉంది. డాక్టరు చూసేదాకా వాటిని పక్కన పెట్టండి.

తర్వాత మెట్‌ఫార్మిన్. షుగరుకు అది మంచి మందే. కానీ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో కొందరికి బి12 విటమిన్ తగ్గుతుంది. బి12 బాగా తగ్గితే మతిమరపు, చిరాకు, అరికాళ్ళలో తిమ్మిరి వస్తాయి. మామూలు రక్తపరీక్షతో తెలుస్తుంది, ఇంజెక్షన్లతోనో మాత్రలతోనో సరిచేస్తారు. థైరాయిడ్ కూడా అంతే. దురదకు, జలుబుకు వాడే పాతకాలపు మాత్రలు కొన్ని పెద్దవాళ్ళ బుర్రను మసకబారుస్తాయి. నిద్రమాత్రలు కూడా. అలాగని నిద్రమాత్ర మీరే ఒక్కసారిగా ఆపేయకండి. రోజూ అలవాటైనదాన్ని హఠాత్తుగా మానితే ఇంకో గొడవ మొదలవుతుంది. ఇంట్లో ఉన్న ప్రతి మాత్ర స్ట్రిప్పూ, మీ తమ్ముడు పంపిన డబ్బాతో సహా, ఒక సంచిలో వేసుకొని డాక్టరు ముందు కుమ్మరించండి.

అమ్మ పోయిన దిగులు కూడా మతిమరపు రూపంలో బయటపడుతుంది. పెద్ద వయసువాళ్ళలో ఇది కనిపిస్తుంది. మనిషి ఏడవడు, దిగులుగా ఉందని చెప్పడు. ఏది అడిగినా "తెలియదు, గుర్తులేదు" అంటాడు. దానికి వైద్యం ఉంది.

ఇవన్నీ సరిచేస్తే మొత్తం తగ్గిపోతుందని నేను చెప్పలేను. తెలిసిన ఊళ్ళో, రోజూ తిరిగిన దారి తోచకపోవడం తాళం ఎక్కడ పెట్టానో మరచిపోవడం లాంటిది కాదు. మీ భర్త మాట అక్కడ నిలవదు. డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు (అల్జీమర్స్ అందులో ఒక రకం), దాని మొదటి మెట్టు కూడా కావచ్చు. కానీ అది తేలాల్సింది పరీక్షల తర్వాత. మీ ఊళ్ళోనే స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ (మెదడు, నరాల) విభాగం ఉంది, రుయా ఆసుపత్రి ఉంది. రెండో అభిప్రాయం కావాలంటే వేలూరు సీఎంసీ ఆసుపత్రి మీ నాయనకు కళ్ళు మూసుకొని పోగల రూటే. జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులోనే పెట్టమని అడగండి. భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా అయిదు భాషల్లో ఇలాంటి పరీక్షలు తయారు చేయించింది. ఇంగ్లీషు ప్రశ్నను అప్పటికప్పుడు తెలుగు చేసి అడిగితే, ఉన్నదానికంటే తక్కువ మార్కులు రావచ్చు.

ఇక మీ తమ్ముడి దగ్గరకు వస్తాను. అతని మీద కోపం పెట్టుకోకండి. దూరంగా ఉన్న కొడుకు భయానికి డబ్బు ఒక దారి. అతను పంపినవి పనికొస్తాయా అన్నది మాత్రం చూడాలి, ఎందుకంటే ఆ మూడింటి మీదా పరిశోధన జరిగింది.

యాప్ ఆటల సంగతి. అమెరికాలో 65 దాటిన 2,802 మందికి జ్ఞాపకం, తర్కం, వేగంగా గుర్తించడం అనే మూడు రకాల శిక్షణలు వేరువేరుగా ఇచ్చి పదేళ్ళు గమనించారు. దానికి యాక్టివ్ స్టడీ అని పేరు. ఏది సాధన చేశారో అందులోనే జనం మెరుగయ్యారు. జ్ఞాపకశక్తి శిక్షణ ఫలం పదేళ్ళకు మిగల్లేదు. తర్కం, వేగం కొంత నిలిచాయి, వేగం శిక్షణ మీద తర్వాత కూడా ఆశ కలిగించే ఫలితాలు వచ్చాయి. అయితే అది ఒక ప్రత్యేకమైన సాధన, పైగా అప్పటికి మతి స్థిమితంగా ఉన్నవాళ్ళ మీద చేసింది. అమ్ముతున్న ప్రతి ఆటకూ ఆ పేరు తగిలించడం సరికాదు. లుమోసిటీ యాప్ కంపెనీ తన ఆటలు మతిమరపును ఆపుతాయన్నట్టు ప్రకటనలిస్తే, ఆధారాలు లేవని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంది. 2016లో ఆ కంపెనీ 20 లక్షల డాలర్లు కట్టి బయటపడింది. మీ నాయన సరదాగా ఆడితే ఆడనివ్వండి. ఏడుస్తూ ఆడే ఆట మాత్రం ఈ రోజే ఆపేయండి. తన బుర్ర పోతోందని రోజూ ఒక నంబరు చూపించి చెప్పడం ఏ మనిషికీ మందు కాదు.

జింకో మాత్రల మీద 75 దాటిన 3,069 మందితో ఆరేళ్ళపాటు చేసిన పరీక్ష 2008లో వెలువడింది. జింకో వేసుకున్నవాళ్ళకూ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకూ డిమెన్షియా రావడంలో తేడా కనిపించలేదు. అయస్కాంత తరంగాల చికిత్స బూటకం కాదు, మందులకు లొంగని డిప్రెషన్‌కు అమెరికాలో 2008 నుంచే అనుమతి ఉంది. మతిమరపు మీద ఇంకా పరిశోధనలో ఉంది. రోగం ఏమిటో తేలకుండానే ప్యాకేజీ అమ్మే చోట డబ్బు కట్టవద్దన్నది నా గట్టి అభిప్రాయం. కట్టాలనే మీ తమ్ముడు పట్టుబడితే, న్యూరాలజిస్టు చూశాక, ఆయన కాగితం మీద రాసిస్తేనే కడదామని చెప్పండి. నిజంగా పనికొచ్చేదైతే ఆ సెంటరు రెండు నెలల తర్వాత కూడా అక్కడే ఉంటుంది.

మరి మెదడును నిలబెట్టేదేమిటి? ఫిన్లాండ్‌లో మియా కివిపెల్టో బృందం 60 నుంచి 77 ఏళ్ళ మధ్య 1,260 మందిని తీసుకొని రెండేళ్ళు చూసింది. సగం మందికి మామూలు ఆరోగ్య సలహాలు. మిగతా సగానికి తిండి, వ్యాయామం, మెదడుకు సాధన, బీపీ షుగరు కొలెస్ట్రాల్ మీద కన్ను, అన్నీ కలిపి. 2015లో ఫలితం ప్రచురించారు. రెండో గుంపు మొత్తం స్కోరు 25 శాతం ఎక్కువ మెరుగైంది. అమెరికాలో 2,111 మందితో అలాంటిదే చేసి 2025లో చెప్పారు. సొంతంగా చేసుకున్నవాళ్ళూ బాగుపడ్డారు, ఒక పద్ధతిలో తోడుండి చేయించినవాళ్ళు ఇంకొంచెం ఎక్కువ. ఇవి జబ్బు ముదిరినవాళ్ళ మీద చేసినవి కావు, అందుకని వీటిని వైద్యం అనను. కానీ రోజువారీ బతుకును నాలుగు వైపుల నుంచి సరిదిద్దితే ఫలితం కనిపించింది. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ మనం మార్చుకోగల కారణాలు 14 లెక్కగట్టి, అన్నింటినీ అరికట్టగలిగితే ప్రపంచంలో 45 శాతం డిమెన్షియాను ఆపడమో వెనక్కి నెట్టడమో చేయవచ్చని అంచనా వేసింది. ఆ జాబితాలో షుగరు, బీపీ, దిగులు, వినికిడి లోపం, ఒంటరితనం, తలకు దెబ్బ, కదలకుండా కూర్చోవడం ఉన్నాయి. మీ ఉత్తరం పక్కన పెట్టుకొని చూసుకోండి.

చెవి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, మన ఇళ్ళలో దాన్ని అస్సలు లెక్కలోకి తీసుకోరు. వినపడని మాట గుర్తుండదు, అది మొదటి సంగతి. "టిఫిన్ పెట్టాను కదా నాయనా" అని మీరు వంటింట్లోంచి చెప్పింది ఆయన చెవిన పడిందా? రెండోది, 2023లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో 70 దాటిన 977 మందిని మూడేళ్ళు చూశారు. అందరినీ కలిపి చూస్తే వినికిడి యంత్రం వల్ల తేడా రాలేదు. కానీ షుగరు, బీపీ లాంటివి ఉండి ప్రమాదం ఎక్కువున్నవాళ్ళలో మాత్రం బుర్ర మందగించడం 48 శాతం తగ్గింది. మీ నాయన ఆ రెండో రకం మనిషి. మీ తమ్ముడు ఖర్చు పెట్టాలనుకుంటే, చెవి పరీక్ష చేయించి మంచి మిషన్ కొనివ్వమనండి. మొదటి రెండు నెలలు ఆయన దాన్ని తీసి మూల పడేస్తారు, గోల గోలగా ఉందంటారు. ఓపిక పట్టి సరిచేయించుకోవాలి.

ఇప్పుడు మీకు కష్టంగా అనిపించే మాట. ఫిబ్రవరి నుంచి మీరు ఆయన దగ్గర్నుంచి ఒక్కొక్కటిగా తీసేసినవి, అంటే అంగడి, భజన, డబ్బు లెక్క, నలుగురితో మాట, ఇవే ఆ పరిశోధనలు పెద్దవాళ్ళకు ఇవ్వమంటున్నవి. మీరు భయపడి చేశారు, అందులో తప్పు పట్టను. లీలామహల్ దగ్గర ఆ రాత్రి ఇంకేదైనా జరిగి ఉంటే అన్న ఊహకు ఏ కూతురికైనా గుండె జారుతుంది. కానీ ఇలాగే కూర్చోబెడితే ఆయన దెబ్బలు తగలకుండా ఉంటారేమో గాని, మిగిలిన శక్తిని వాడే చోటు ఉండదు. మీ నాయన పని చేసిన తీరు ఒకసారి తలచుకోండి. స్టేజీ వచ్చేలోపు టికెట్లు కొట్టాలి, టికెట్ల లెక్క కాగితం (ఎస్ఆర్) రాయాలి, ఎక్కింది ఎవరో దిగాల్సింది ఎవరో చూడాలి, ఒకరికి తెలుగులో ఒకరికి తమిళంలో జవాబు చెప్పాలి. నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం హైదరాబాద్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక విషయం చెప్పింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు లక్షణాలు ఒకే భాష వాళ్ళ కంటే సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా కనిపించాయి. చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా ఉంది. మీ నాయన దగ్గర మూడు భాషలున్నాయి. తమిళం మాట్లాడటానికి ఇప్పుడు ఆయనకు ఇంట్లో ఎవరున్నారు? పాత డిపో స్నేహితుడు ఒకరు వారానికోసారి వచ్చి కూర్చున్నా యాప్ కంటే మేలు.

మోపెడ్ విషయంలో నేను మీ వైపే. దారి తప్పిన మనిషి, చెవి సరిగా వినపడని మనిషి తిరుపతి ట్రాఫిక్‌లో బండి నడపకూడదు, కనీసం పరీక్షలు పూర్తయ్యేదాకా. అయితే తాళం దాచి "కనపడలేదు" అనడం వేరు, "డాక్టరు చెప్పేదాకా వద్దు నాయనా" అని ముఖం మీద చెప్పడం వేరు. దాచితే ఆయన రోజూ వెతుక్కుంటారు, దొరక్కపోతే తనే ఎక్కడో పెట్టి మరచిపోయాననుకుంటారు. ఆ అవమానం ఆయనకు ఇవ్వకండి. చెబితే రెండు రోజులు అరుస్తారు, అంతే.

భజనకు పంపండి, ఎవరో ఒకరి వెంట. అంగడికి నడిపించండి. మీరు పక్కన నడవండి గాని చీటీ, డబ్బు ఆయన చేతిలోనే ఉండాలి, చిల్లర ఆయనే లెక్కపెట్టుకోవాలి. బియ్యం అంగడి ఆయనకు విషయం చెప్పి ఉంచితే రెండోసారి డబ్బు తీసుకోడు. జేబులో మీ ఫోన్ నంబరు రాసిన కార్డు ఉంచండి. నడక మీద 2011లో వచ్చిన ఒక పరిశోధన మీ పనికొస్తుంది. 120 మంది పెద్దవాళ్ళలో ఏడాదిపాటు వారానికి మూడు రోజులు 40 నిమిషాలు చురుగ్గా నడిచినవాళ్ళకు, జ్ఞాపకాలను దాచే హిప్పోక్యాంపస్ భాగం సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్ళు సాగదీసే వ్యాయామం మాత్రమే చేసినవాళ్ళలో తగ్గింది. అలిపిరి మెట్లు ఎక్కించమని కాదు. కపిలతీర్థం దాకా చల్లటి పూట వెళ్ళి వచ్చినా చాలు, ఎంత నడవాలో డాక్టరును అడిగి మొదలుపెట్టండి.

డబ్బు జాగ్రత్త అవసరమే. కార్డు మీ బీరువాలో ఉండటం కంటే, ఆయన ఒప్పుకోలుతో ఖాతాను జాయింట్ చేయించుకొని, పెద్ద మొత్తం వేరే ఉంచి, చేతి ఖర్చుకు చిన్న ఖాతా ఆయనకు వదిలేయడం మేలు. ఆయనకు విషయం బాగా అర్థమవుతున్న ఈ రోజుల్లోనే, మీ తమ్ముడికి కూడా తెలిసేలా చేయండి. తర్వాత "అక్క నాయన డబ్బు పట్టేసుకుంది" అనే మాట పుట్టకుండా ఉంటుంది.

హైదరాబాద్ తీసుకెళ్ళడం గురించి. తప్పని నేను అనను. మీరు ఉద్యోగం, ఇల్లు, నాయన, మూడూ ఒక్కరే మోస్తున్నారు, ఏదో ఒక రోజు అది అవసరం కావచ్చు. కానీ జ్ఞాపకం తడబడుతున్న మనిషిని కొత్త ఊళ్ళో, కొత్త ఫ్లాట్‌లో పెడితే తడబాటు ఎక్కువవుతుంది. ఇక్కడ అలవాటుతో నడిచిపోయే పనులు అక్కడ మళ్ళీ నేర్చుకోవాలి. పగలంతా కొడుకు కోడలు ఆఫీసులో ఉంటే మాట్లాడే మనిషి ఉండడు. ముందు పరీక్షలు అయిపోనివ్వండి. ఆ తర్వాత, నాయనను అడిగి, పదిహేను రోజులు వెళ్ళి చూసి రమ్మనండి. ఈలోగా మీ తమ్ముడు నెలకోసారి వచ్చి రెండు రోజులు ఉంటే, ఆ రెండు రోజులు మీరు ఊపిరి పీల్చుకోవచ్చు. అది అడగడానికి మొహమాటపడకండి.

డిమెన్షియా అనే తేలితే ఏమిటని మీకు లోపల ఉంటుంది. డోనెపెజిల్ లాంటి మాత్రలు కొందరిలో కొంతకాలం నిలకడ ఇస్తాయి. లెకానెమాబ్ అనే కొత్త ఇంజెక్షన్‌కు 2023లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చింది. తొలి దశ అల్జీమర్స్‌లో 18 నెలల్లో దిగజారుడును సుమారు 27 శాతం నెమ్మది చేసింది, ఆపలేదు. మెదడులో వాపు, రక్తస్రావం ప్రమాదం ఉంది, వరుస ఎమ్మారైలు కావాలి. ఆ మాట వచ్చినప్పుడు చూద్దాం.

చివరిగా మీ గురించి. ఏపీఓఈ–4 అనే జన్యు రకం ఒక కాపీ ఉంటే అల్జీమర్స్ ప్రమాదం రెండు మూడింతలు పెరుగుతుంది. కానీ ఉన్నవాళ్ళందరికీ రాదు, లేనివాళ్ళకు రాకుండా పోదు. ఉందని తేలితే దాన్ని తీసేసే మందు లేదు, రాత్రి నిద్ర మాత్రం పోతుంది. లేదని తేలితే బీపీ చూపించుకోవడం మానేస్తారు. తెలుసుకోవాలనే కోరిక బలంగా ఉంటే చేయించుకోండి, అది మీ హక్కు, కాకపోతే ముందు ఒక డాక్టరుతో కూర్చొని మాట్లాడాకే. నాకైతే మీ తాళాల మరుపు, రాత్రి రెండుసార్లు లేచి నాయన గదిలోకి తొంగిచూసే మనిషి అలసటలాగే కనిపిస్తోంది. ఆయనతోపాటు మీరూ బీపీ, షుగరు, థైరాయిడ్, బి12 చేయించుకోండి. ఒకే ప్రయాణంలో అయిపోతుంది.

స్కాన్ అయ్యాక, బి12 రిపోర్టు వచ్చాక మళ్ళీ రాయండి. నిద్రమాత్ర, దురద మాత్ర పేర్లు స్ట్రిప్పు మీద చూసి రాయండి, డాక్టరు వాటిలో ఏవి మార్చారో కూడా.